అక్క జన్యువు, నా నిలువెత్తు బంగారం

నాకు లేదని తెల్సిననాడు నేను కడుపునిండ బిర్యానీ తిన్న. సిగ్గులేని ముచ్చటే, కని ఉన్నదున్నట్టు చెప్తున్న. హైదరాబాదుల దవాఖాన ఎదురుంగ ఒక హోటల్. టేబుల్ అవతల అక్క కూసున్నది. అంతకుముందే డాక్టరమ్మ ఇద్దరినీ ఒక్క రూముల కూసోబెట్టి ఒక్కసారే చెప్పింది. మా ఇంటి రకతంల తిరుగుతున్న చెడిపోయిన జన్యువు చెల్లెకు రాలేదు, అక్కకు వచ్చింది. అక్క ఏడ్వలేదు. మెట్లు దిగుకుంట "ఆకలైతుందే, పా ఇంత తిందాం" అన్నది. తినుకుంట తినుకుంట తన ప్లేట్లున్న ముక్క తీసి నా ప్లేట్ల ఏసింది. నేను వద్దనలేదు, తిన్న. ఆ ముక్క ఎంత రుచిగున్నదో ఇప్పటికీ యాదికున్నది. నా బాధంత గదే.

నేను జనగామల ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్త. తరిగొప్పుల నుంచి, ఇంకా అవతలి ఊర్ల నుంచి బస్సులెక్కి వచ్చే పిల్లలు. వాళ్లకు ఏండ్ల సంది సిట్రిక్ యాసిడ్ చక్రం బోర్డు మీద గీస్తున్న. తిన్న తిండి కణంల కాలి శక్తి ఎట్ల అయితదో చెప్పే పాఠం అది. గుండ్రంగ గీసి, చుట్టూత పదార్థాల పేర్లు రాసి, ఒకదాన్ని ఇంకోటి చేసే ఎంజైమ్ పేరు బాణం మీద రాస్త. అండ్ల ఫ్యూమరేజ్ అని ఒకటుంటది. ఫ్యూమరేట్‌ను మాలేట్ చేసుడు దాని పని, గంతే. "మేడం, గిది పరీక్షల వస్తదా?" అని ఎవరన్న అడిగితే, "దాని గురించి ఎవ్వలడుగుతరు బిడ్డా, ముందుకు నడువుండ్రి" అనేదాన్ని. అక్కడ మా అన్న ఒంట్ల, మా అక్క ఒంట్ల గదే చెడిపోయి ఉన్నది. దీపం కింద చీకటి అన్న మాట నన్ను జూసే పుట్టించిన్రేమో.

మాది మరిపెడ దిక్కు. మేం ముగ్గురం. అన్న పెద్దోడు, తర్వాత అక్క, కడగొట్టుదాన్ని నేను. అన్న భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేసేటోడు, భూమి లోపటికి దిగే పని. అన్నకూ వదినకూ పిల్లలు కాలేదు. అక్కను మరిపెడ కాడ్నే ఇచ్చిన్రు, ఆమెకు ఒక బిడ్డ, ఒక కొడుకు, ఇంత మిర్పతోట. సదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే, నాకొక్కతే బిడ్డ.

మా ఇంటి ఆడోళ్లకు గర్భసంచి నిలువది. మమ్ముల కన్న అవ్వకు నేను చిన్నప్పుడే తీసేసిన్రు. అవ్వ చెల్లె, మా చిన్నవ్వకు తీసేసిన్రు. అక్కకు కొడుకు పుట్టినంక నెలనెలా మంచం పట్టేటంత రకతం పోవుడు షురువైతే, ముప్పై నిండకముందే మానుకోట దవాఖానకు తోల్కపోయి తీపిచ్చినం. మా దిక్కు గర్భసంచి తీపిచ్చుకునుడంటె పన్ను పీకిపిచ్చుకున్నంత ముచ్చట. ఇద్దరు ఆడోళ్లు అరుగు మీద కూసుంటె "నీకెప్పుడైంది ఆపరేషన్?" అనే అడుగుతరు. "అయిందా?" అని ఎవ్వలూ అడుగరు.

తీసినంక దాన్ని ఒక గిన్నెల ఏసి బయట నిలబడ్డోళ్లకు చూపిస్తరు, మేం నిజంగనే తీసినం చూసుకోండ్రి అన్నట్టు. అక్కది నాకే చూపిచ్చిన్రు. నిమ్మకాయలంత గడ్డలు, ఒకటా రెండా! "ఓయమ్మో, గిన్ని మోసిందా మా అక్క" అనుకున్న. పక్కన బావ బుగులుతోని నిలవడితే "పీడ వోయింది తియ్ బావా" అని నవ్విన. అంత చిన్న వయసుల అన్ని గడ్డలు ఎందుకు వచ్చినయని అడిగినోళ్లు లేరు. పాఠాలు చెప్పే నేను గూడ అడుగలేదు.

ఇంకోటి. చలికాలం వస్తె అన్నకు వీపు మీద, అక్కకు చేతుల మీద కందిగింజలంత ఎర్రటి బుడిపెలు గుంజేటియి. చల్లగాలి తాకితె చాలు, సూదులు గుచ్చినట్టు. అవ్వకూ ఉండె. ఉడుకునీళ్లల్ల గుడ్డ ముంచి కాపుకునేటోళ్లు. "మన రకతం గుణం బిడ్డా" అనేది అవ్వ, ఉప్పు తక్కువైందన్నంత అలకగ. అవ్వ కిడ్నీలకు మాత్రం ఏం గాలేదు, మంచిగ ముసల్దై పోయింది. అందుకే ఎవ్వలకు అనుమానం రాలేదు.

అన్నకు మూత్రంల రకతం పడ్డప్పుడు అందరం ఒక్కటే మాటన్నం, బొగ్గు తిన్నది మనిషిని అని. బాయి దుమ్ము, బాయి నీళ్లు, ఇంకేముంటది. హైదరాబాదు తోల్కపోయేసరికి కిడ్నీల గడ్డ ఉన్నది, అప్పటికే బొక్కలకు పాకింది. పరీక్ష చేసుకుంట డాక్టరమ్మ అన్నను బోర్లా పండవెట్టి, వీపు మీది బుడిపెలను వేలుతోని ఒత్తింది. "చలికి నొప్పి పుడతాయా?" అని అడిగింది. అన్న ఔనన్నడు. ఆమె నా దిక్కు తిరిగి, "మీ ఇంట్లో ఆడవాళ్లకి చిన్న వయసులోనే గర్భసంచి తీసేశారా?" అన్నది. నాకు మానుకోట గిన్నె కండ్ల ముంగట వచ్చి కూసున్నది. తలకాయ ఊపిన.

ఆడోళ్లది గర్భసంచి రోగమని ఒక మూట, అన్నది బొగ్గు రోగమని ఒక మూట, వేరువేరు కట్టి పెట్టుకున్నం. రెండూ ఒక్కటే మూట.

అన్న రకతం పరీక్షకు పోయి, ఫ్యూమరేజ్ జన్యువు చెడిపోయిందని తేలింది. అప్పటికే అన్నను భూపాలపల్లి క్వార్టర్‌కు తెచ్చినం, ఇగ చేసేది లేదని. మంచం కాడ కూసుంటె అన్నడు, "ఏందే చెల్లె, బాయి దుమ్ము గాదంట గదా? మరి ఏందంట?"

"అన్నా, ప్రతి కణంల ఒక పొయ్యి ఉంటదనుకో" అన్న. "తిన్నది దాంట్ల కాలాలె, దానికి గాలి గావాలె. ఆ పొయ్యి కాడ పనిచేసే ఎంజైమ్‌కు మనకు రెండు జన్యువులుంటయి, అవ్వ ఇచ్చింది ఒకటి, బాపు ఇచ్చింది ఒకటి. అవ్వ ఇచ్చింది చెడ్డది. బాపుది మంచిగున్నన్ని దినాలు పని నడుస్తది. ఏదో ఒక కణంల బాపుది గూడ చెడిపోయిందనుకో, ఫ్యూమరేట్ అనేది ముందుకు పోక కుప్పవడ్తది. కుప్పవడి ఆ కణానికి గాలి ఆడుతలేదని అబద్ధం చెప్తది. గాలి ఉన్నా లేదనుకొని ఆ కణం బుగులువడ్తది. కొత్త నరాలు మొలిపిచ్చుకుంటది, చక్కెర ఎగవడి తింటది, ఆగకుంట పెరుగుతది. గదే క్యాన్సర్."

అన్న ఏండ్లకేండ్లు బాయిల దిగినోడు, గాలి ఆడకుంటె మనిషి ఎట్ల పరేషాన్ అయితడో వానికి ఒకలు చెప్పాలె? "పాపం, గాలి మస్తున్నదని దానికి ఎవ్వలు చెప్పలేరా?" అన్నడు. నాకు నవ్వు వచ్చింది, ఆ ఎంటనే ఏడుపు వచ్చింది. "మీరిద్దరు జల్ది చూపిచ్చుకోండ్రి" అన్నడు. ఎండకాలం రాకముందే పోయిండు.

వానకాలంల నేను, అక్క పోయి రకతం ఇచ్చినం. అవ్వ నుంచి మంచిది వచ్చినా వచ్చినట్టే, చెడ్డది వచ్చినా వచ్చినట్టే, బొమ్మా బొరుసా అన్నట్టు. దసరాకు ముంగట ఫలితం చెప్పిన్రు. తర్వాత బిర్యానీ ముచ్చట మీకు ముందే చెప్పిన.

డాక్టరమ్మ అక్కకు ఒక మాట గట్టిగ చెప్పింది. జన్యువు ఉన్నంత మాత్రాన అందరికీ క్యాన్సర్ రాదు, కని వచ్చిందంటె మాత్రం ఈ రకం ఆగది, గడ్డ చిన్నగున్నప్పుడే పాకుతది. అందుకే ఏటా కిడ్నీల స్కానింగ్ తీయాలె, మొదటిది ఇప్పుడే తీయాలె అని. అక్క, "మిర్పకాయ ఏరినంక వస్త మేడం" అన్నది. నేను పక్కనే ఉన్న. "ఏం మిర్పకాయనే, ఇయ్యాల్నే తీపిచ్చుకో" అని ఒక్క మాట అననీకె నాకు నోరు రాలేదు. పిల్లలు హోంవర్క్ చేయకపోతె కాలేజి లేచిపోయేటట్టు ఒర్రే నోరు ఇది.

ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? నేను బయటపడ్డదాన్ని. నాకు లేదంటె నా బిడ్డకూ లేనట్టే. అక్కకు ఉన్నదంటె అక్క పిల్లలిద్దరికీ మళ్ల బొమ్మా బొరుసే. ఈ లెక్క నాకు డాక్టరమ్మ నోరు తెరిచిన నిమిషంలనే తట్టింది. అక్క మొఖం చూడకముందే నా బిడ్డ మొఖం కండ్లల్ల మెదిలింది, పానం అలకగైంది. తోడబుట్టినదానికి రోగమని చెప్తున్న మాట ఇనుకుంట సంబురపడ్డ పాపిష్టిదాన్ని నేను. ఇంటికి పోయినంక వంటింట్ల కూనిరాగం తీస్తున్నట్టు నాకే ఇనవడి గరిటె కింద పెట్టిన.

గప్పటి సంది అక్క ఫోన్ చేస్తె ఎత్తుడు తగ్గించిన. క్లాసుల ఉన్న, మీటింగుల ఉన్న, పరీక్షల డ్యూటీ ఉన్నది. అబద్ధాలు ఆడుడు గూడ ఒక విద్యే, అలవాటైతది. "ఏం లేదే, నీతోని జర మాట్లాడేదుండె" అని అక్క అంటె, "రాత్రికి చేస్త" అనేదాన్ని. చేసేదాన్ని గాదు. నెలలు గడిచినయి. దవాఖానోళ్లు నాకు ఫోన్ చేసి, మీ అక్క ఇంకా రాలేదేంది అని అడిగిన్రు. ఆ నాడు నాకు అన్న వీపు యాదికొచ్చింది. పొద్దుగాల బస్సెక్కి మరిపెడ పోయిన.

అక్క తోటల ఉన్నది. బావ పాత అంగీ పొడుగు చేతులది జాకెట్ మీదికెల్లి తొడుక్కొని, నెత్తికి తువ్వాల కట్టుకొని కూలికొచ్చిన కైకిలోళ్లతోని కలిసి ఎర్రటి కాయ ఏరుతున్నది. చలి ఇంకా పోలేదు. నడుమనడుమ ఏరుడు ఆపి, అంగీ మీదికెల్లే చేతులు రుద్దుకుంటున్నది. నాకు మండింది.

"అక్కా, నువ్వు సస్తవే" అన్న, గెట్టు మీద నిలవడే. నా నోరు మంచిది గాదు.

"సస్తె సచ్చిన తియ్. వచ్చుడు వచ్చుడే గా మాటేనా? నీళ్లు తాగినవా?"

"నీళ్లు గీళ్లు గాదు. స్కానింగ్‌కు ఎందుకు పోలే? కాయ ఏరినంక, కాయ ఏరినంక... కాయ ఎప్పుడూ ఉంటది, నువ్వుంటవా?"

కైకిలోళ్లు మా దిక్కు చూసిన్రు. అక్క నన్ను రెక్కవట్టి మోటరు కాడికి గుంజుకపోయింది. గొంతు తగ్గించి, "ఒర్రకు. నేను అడిగి తెచ్చుకున్నదే ఇది" అన్నది.

"అడుగుడేంది?"

"రకతం ఇచ్చిన రోజు పొద్దుగాల మేడారం తల్లులకు మొక్కిన. ఇద్దరిట్ల ఒకలకే ఇయ్యి తల్లీ, అది నాకే ఇయ్యి, చెల్లెను ఇడిసిపెట్టు, దాని బిడ్డ చిన్నది అని. తల్లి ఇన్నది. నన్ను వట్టింది, నిన్ను ఇడిసింది. ఇప్పుడు నేను దవాఖానకు పోయి తీపిచ్చుకుంటె మాట తప్పినట్టు గాదా? నన్ను ఇడిసి నీ మీదికి వస్తెనో?"

ఇన్ని నెలలు నేను ఆమె ముంగట పడనీకె సిగ్గుపడుకుంట తిరిగితే, ఆమె నా కోసం చావును కడుపుల పెట్టుకొని మిర్పకాయ ఏరుతున్నది. ఓ తల్లీ, గిట్లాంటి అక్కను నాకెందుకిచ్చినవ్ అనిపిచ్చింది. ఆమె మీద కోపం కూడ వచ్చింది, ఆ కోపంలనే పాఠం షురువు చేసిన.

"పిచ్చిదానా, అది నువ్వు మొక్కిననాడు వచ్చింది గాదు. నువ్వు అవ్వ కడుపుల పడ్డనాడే వచ్చింది. నేను పడ్డనాడే నాకు రాలే. నువ్వు మొక్కినా మొక్కకున్నా..."

అక్క నా నోట్లకే చూస్తున్నది. "అంటె నేను మొక్కింది ఉత్తదేనా?" అన్నది.

ఆ మొఖం నేను మరువలేను. ఇన్ని దినాలు అదే ఆమెకు ధైర్యం. రోగం వచ్చిందని గాదు, చెల్లెను కాపాడుకున్న అని బతుకుతున్నది. దాన్ని నేను బోర్డు మీది సున్నపుముక్క గీతల లెక్క తుడిచేస్తున్న. నా నాలుక ఆగింది. సదువు సదువే, కని ఆ నిమిషంల నిజం చెప్తె అక్క దవాఖానకు రాదు, నారాజై ఆ తోటల్నే ఉంటది. నాకు అక్క గావాలె.

"ఉత్తది గాదక్కా" అన్న. "తల్లి ఇన్నది. మరి మొక్కుల ఏమిస్తనన్నవ్?"

"నీ నిలువెత్తు బంగారం."

మేడారంల బెల్లాన్నే బంగారం అంటరు. మొక్కుకున్న మనిషిని కాంటా మీద ఒక దిక్కు కూసోబెట్టి, ఇంకో దిక్కు సరిసమానంగ బెల్లం పెట్టి తూచి, తల్లులకు ఇస్తరు.

"ఇచ్చినవా మరి?"

"ఎట్ల ఇస్త? కాంటాల నువ్వు కూసోవాలె గదా. అడుగుదామని ఫోన్ చేస్తె నువ్వు ఎత్తవైతివి."

ఆ మాట తిట్టు లెక్క అన్లేదు, ఉన్నదున్నట్టు అన్నది. నా చెంప మీద కొట్టినా బాగుండు. జర మాట్లాడేదుండె అని ఆమె చేసిన ఫోన్లన్నీ గిందుకే. అవి ఎత్తకుంట మీటింగులున్నయని చెప్పుకుంట, నేనే నెలలకు నెలలు ఆమె స్కానింగ్‌కు అడ్డం కూసున్న.

"మొక్కు తీరనన్ని దినాలే తల్లికి మనం బాకీ" అన్న, గొంతు గట్టిగ చేసుకొని. "తీరితె లెక్క తెగినట్టే. గటెన్క నువ్వు ఏం తీపిచ్చుకున్నా అది నా మీదికి రాదు."

"నిజమా? నీకెట్ల ఎరుక?"

"సదువుకున్నదాన్ని గదా" అన్న. నా సదువు అంత పెద్ద అబద్ధానికి పనికొచ్చుడు గదే మొదటిసారి.

తెల్లారే బావ ఒక జీపు మాట్లాడిండు. మానుకోట దాటి, గంగారం అడవుల పడి పోయినం. దారిపొంట ఇప్పచెట్లు ఆకు రాలుస్తున్నయి. అక్క కిటికీ అద్దం పెట్టి, చేతులు కొంగుల దాసుకొని, పెండ్లికి పోతున్నంత హుషారుగ కూసున్నది.

జాతర దినాలు గాదు గనుక జనం తక్కువనే ఉన్నరు. బెల్లం దుకాణం కాడ పెద్ద కాంటా, గొలుసులకు చెక్క పల్లాలు. అక్క నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒక పల్లెంల కూసోబెట్టింది. అవతలి దిక్కు తనే ఒక్కొక్క బెల్లం దిమ్మ పెడ్తున్నది. వేరేటోళ్లు సాయం వస్తె వద్దన్నది. నా దిక్కు పల్లెం లేవాలె గదా, లేస్తలేదు. ఎందుకంటె పక్కనున్న గుంజకు నేను కాళ్లు మెలేసి ఉన్న.

"కాళ్లు తియ్యవే" అన్నది అక్క.

"రేపు స్కానింగ్‌కు వస్తనంటెనే తీస్త."

"ఓసి నీ... తల్లి ముంగటనే బేరమాడుతవానే!"

"ఆడుత. ఇంటికి పోతె నువ్వు మళ్ల కాయ అంటవ్."

చుట్టున్నోళ్లు నవ్విన్రు. దుకాణపాయన, "ఒప్పుకో అవ్వా, ఆమె దిగేటట్టు లేదు" అన్నడు. అక్క చేతులున్న దిమ్మను అట్లనే పట్టుకొని నన్ను శానసేపు చూసింది. ఆమె కండ్లల్ల మొదటిసారి భయం కనవడ్డది. చావు భయమో, మాట తప్పుతనన్న భయమో నాకు తెల్వదు.

"నీకు రాదు గదా?" అన్నది.

"రాదు."

"అయితె వస్త. తల్లి మీద ఆన."

నేను కాళ్లు తీసిన. ఆమె దిమ్మ పెట్టింది. నా పల్లెం మెల్లగ లేచింది. నా బరువంత అక్క మోస్తున్నట్టు అనిపిచ్చి నాకు ఆ గాలిల ఏడుపు ఆగలేదు. భక్తితోని ఏడుస్తున్ననుకొని ఒక ముసలామె నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

తెల్లారి హైదరాబాదుల తీసిన స్కానింగ్‌ల ఎడమ కిడ్నీల శనగగింజంత గడ్డ కనవడ్డది. ఎటూ పాకలేదు. డాక్టరమ్మ బొమ్మ చూసి, "ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే..." అని, మాట పూర్తి చేయలేదు. ఆ వారమే ఆపరేషన్ చేసి, గడ్డను చుట్టూత ఇంత కండతోని తీసేసిన్రు. ఈసారి గిన్నెల ఏసి ఎవ్వలకూ చూపియ్యలేదు. సీసల పెట్టి పరీక్షకు పంపిన్రు. ఆ గడ్డ కణాలల్ల ఫ్యూమరేజ్ లేనే లేదని తేలింది.

ఇప్పుడు అక్క ఏటా స్కానింగ్‌కు వస్తది. పిల్లలకు గూడ చూపిచ్చినం. బిడ్డకు లేదు, కొడుక్కు ఉన్నది. బిడ్డ తమ్ముని కండ్లల్లకు చూసి మాట్లాడుతలేదు. ఆ పిల్లను పక్కకు తీసుకపోయి, వాడు ఫోన్ చేస్తె ఎత్తు బిడ్డా, ఇంకేం చేయకున్నా సరే అని చెప్పిన.

నేను కాలేజిల ఆ పాఠం ఇప్పుడు మెల్లగ చెప్తున్న. ఫ్యూమరేజ్ కాడ ఆగుత. ఇంట్ల ఆడోళ్లకు చిన్నగున్నప్పుడే గడ్డలొచ్చి గర్భసంచి తీసిన్రా, మగోళ్లకు కిడ్నీల గడ్డలున్నయా, అడిగి రండ్రి అని పిల్లలకు చెప్త. పరీక్షల రాదు గదా మేడం అంటరు. రాకున్నా అడుగుండ్రి అంట.

చలికాలం వస్తె అక్క జనగామ వస్తది. కూసున్న ఎంటనే నా చెయ్యి గుంజుకొని, జాకెట్ చేతి కింది నుంచి మణికట్టు దాక అరచెయ్యితోని రుద్ది రుద్ది చూస్తది, బుడిపెలేమన్న మొలిసినయా అని. నాకు మొలవయి. ఏ చలికాలం మొలవయి. ఆ ముచ్చట నేను అవ్వ కడుపుల ఉన్ననాడే తెగిపోయింది, అక్క మొక్కుకు దానికి ఏం సంబంధం లేదు. ఇవన్నీ నా నాలుక మీదికి వస్తయి.

"లేవు" అంటది అక్క, సంబురంగ.

"నీ పుణ్యమే అక్కా" అంట.

"ఇంకో చెయ్యి చూపియ్యి" అంటది. నేను అది గూడ చాపుత.